హోంలో అమ్మకు ‘మెమరీ థెరపీ’ అట, నెలకు ఎక్స్‌ట్రా అట. కట్టొచ్చా?

కేసీ_కెనాల్
మాది కర్నూలు. అమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు), మధ్య దశ అని డాక్టర్ రాశారు. ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. మేం లేనప్పుడు గేటు తీసుకుని వెళ్ళిపోతుంటే వేరే దారి లేక ఊరి బయట ఒక హోంలో చేర్చాం. తిండి బాగుంది, శుభ్రంగానే చూస్తున్నారు. కానీ నేను ఏ వేళకు పోయినా అమ్మ టీవీ ముందు ప్లాస్టిక్ కుర్చీలోనే ఉంటుంది. టీవీలో ఏదో సీరియల్ నడుస్తుంటుంది, చూసేవాళ్ళు ఒక్కరూ ఉండరు. పొద్దు వాలితే ‘ఇంటికి పోవాల, పిల్లోళ్ళు బడి నుంచి వస్తారు’ అని గొడవ. దానికి ఏదో మాత్ర ఇస్తున్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా మత్తు దిగదు.

ఇప్పుడు మేనేజర్ ‘మందుల్లేని రిహాబ్ ప్యాకేజీ’ అంటున్నాడు. మెమరీ థెరపీ, మ్యూజిక్ థెరపీ, గేమ్స్. నెలకు ఇంకో నాలుగు వేలు. నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక మా చేతి చమురు వదలడమేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సప్తగిరి_సర్కిల్
చేతి చమురే బ్రో. పోయిన జ్ఞాపకం తిరిగి రాదు, ఎన్ని థెరపీలు పెట్టినా అంతే. అనంతపురంలో మా పెదనాన్నను పెట్టిన చోట కూడా ఇలాగే రంగుల బ్రోచర్ ఇచ్చారు. లోపల చూస్తే చిన్నపిల్లల డ్రాయింగ్ పుస్తకాలు. సబ్ రిజిస్ట్రార్‌గా రిటైరైన మనిషి చేతిలో క్రేయాన్ పెట్టి ఏనుగుకు రంగు వేయమన్నారు.

ఉగ్గాని_బజ్జి
పెదనాన్న ఏం చేశాడన్నా?

సప్తగిరి_సర్కిల్
ఏనుగు కింద సంతకం పెట్టి తేదీ వేశాడు.

ఓటీ_కడప
నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. సొంతూరు కడప, పని బెంగళూరులో. సప్తగిరి అన్న చెప్పినదాంట్లో సగం నిజం. జ్ఞాపకశక్తి వెనక్కి తెప్పిస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మేం చేసే పని వేరు. మిగిలిన శక్తితో ఆ మనిషి తన పనులు ఎంతవరకు చేసుకోగలదో అంతవరకు చేయనివ్వడం, అది జారిపోకుండా చూడటం.

బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ వైద్యానికి మార్గదర్శకాలు ఇస్తుంది. 2018లో డిమెన్షియా మీద ఇచ్చినదాంట్లో తొలి, మధ్య దశల వాళ్ళకు గ్రూపుగా కూర్చోబెట్టి మాట్లాడించి, ఆలోచింపజేసే కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ ఇవ్వమంది. సీఎస్‌టీ అంటాం. పాత సంగతులు మాట్లాడించే గ్రూపులు, రోజువారీ పనులు చేసుకునేలా సాయపడే కాగ్నిటివ్ రిహాబిలిటేషన్, ఆక్యుపేషనల్ థెరపీ కూడా పరిశీలించమంది. అదే పత్రంలో అల్జీమర్స్ తొలి, మధ్య దశల వాళ్ళకు ‘కాగ్నిటివ్ ట్రైనింగ్’ వద్దంది. అంటే ఒకే రకం లెక్కలు, బొమ్మలు మళ్ళీ మళ్ళీ చేయించి మెదడుకు కసరత్తు అనడం. మీ మేనేజర్ అమ్ముతున్నది ఈ రెండింట్లో ఏదో ముందు కనుక్కోండి కెనాల్ గారూ. పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి, అమ్మేవాళ్ళకు కావాల్సిందీ అదే.

ట్యాబ్_తమ్ముడు
మా నాన్నకు నేను బ్రెయిన్ గేమ్స్ యాప్ పెట్టిచ్చా. స్కోరు పెరుగుతూ వస్తోంది. ఇది ట్రైనింగే కదా, మరి పనిచేయదంటారేంటి అక్కా?

ఓటీ_కడప
ఆ ఆటలో స్కోరు పెరుగుతుంది తమ్ముడూ. దానివల్ల నాన్న చొక్కా గుండీలు సరిగా పెట్టుకుంటున్నారా, కుళాయి కట్టేస్తున్నారా చూడు. సరదాగా ఉంటే ఆడుకోనీ. ఏడాది చందా మాత్రం కట్టొద్దు.

ట్యాబ్_తమ్ముడు
కట్టేశా అక్కా 😐

రిటైర్డ్_హెడ్మాస్టర్
మా ఇంటావిడ కూడా ఒక హోంలో ఉంది. నేను రోజూ పోతాను. అక్కడ నాకు నచ్చనిది ఒక్కటే. వచ్చే ప్రతి బంధువూ పరీక్షాధికారి అవుతాడు. ‘నేనెవరో చెప్పు? ఈరోజు ఏ వారం? మనవడి పేరేంటి?’ ఆమె తడబడుతుంది, తల దించుకుంటుంది. ముప్పై ఏళ్ళు పిల్లలను పరీక్షించిన మనిషిని నేను. జవాబు రాదని తెలిసిన ప్రశ్న అడగడం పరీక్ష కాదు, శిక్ష. అదే శతక పద్యం మొదటి పాదం నేను అందుకుంటే మిగతాది ఆమే పూర్తి చేస్తుంది, రాగంతో సహా. నా పేరు అప్పుడప్పుడు తప్పుతుంది. పద్యంలో యతి తప్పదు.

ఓటీ_కడప
>> జవాబు రాదని తెలిసిన ప్రశ్న
సార్ చెప్పింది సీఎస్‌టీలో మూల సూత్రం. వాస్తవం అడగొద్దు, అభిప్రాయం అడుగు. ‘ఇది ఏ కూర?’ అంటే పరీక్ష. ‘గుత్తొంకాయలో పల్లీల పొడి బాగుంటుందా, నువ్వుల పొడా?’ అంటే తప్పు జవాబంటూ ఉండదు, నలుగురూ మాట్లాడతారు, ఇద్దరు పోట్లాడతారు కూడా. అసలు పద్ధతిలో వారానికి రెండుసార్లు, ఒక్కోటి ముక్కాలు గంట, మొత్తం 14 సెషన్లు. ఒక గ్రూపులో ఐదారుగురు, మహా అయితే ఎనిమిది మంది. ఒక రోజు తిండి, ఒక రోజు చిన్ననాటి ఆటలు, ఒక రోజు డబ్బులు, ఒక రోజు శబ్దాలు. 2003లో వచ్చిన ట్రయల్‌లో 201 మంది మీద చూశారు, వాళ్ళు కేర్ హోంలు, డే సెంటర్లలో ఉన్నవాళ్ళే. ఆలోచనలోనూ, జీవన నాణ్యతలోనూ కొంత మెరుగు కనిపించింది. ‘కొంత’ అన్న మాట గుర్తుపెట్టుకోండి.

సప్తగిరి_సర్కిల్
అంతా ఇంగ్లండ్ కథలు. అక్కడ ఒక్కో ముసలాయనకు ఒక్కో నర్సు. ఇక్కడ ఇరవై మందికి ఇద్దరు ఆయాలు.

ఓటీ_కడప
అక్కడా ఆయాల కొరతే అన్నా, మీరు అనుకునేంత స్వర్గం ఏమీ లేదు. చెన్నైలో మానసిక ఆరోగ్యం మీద పనిచేసే స్కార్ఫ్ సంస్థ వాళ్ళు సీఎస్‌టీని తమిళంలోకి మార్చుకుని మన పండగలు, తిండి, ఆటలతో చేశారు. మనకు వామనగుంటలు లేవా, పులిజూదం లేదా, పొడుపు కథలు లేవా? సామెత సగం చెప్పి వదిలేయండి, గదంతా మిగతా సగం అరుస్తుంది.

ఉగ్గాని_బజ్జి
పాత నాణేలు పెట్టండి. మా జేజి అణా, బేడ, కాణీ లెక్క ఇప్పటికీ టకటకా చెబుతుంది. ఫోన్‌పే అంటే మాత్రం దొంగలని తిడుతుంది, అందులో పూర్తిగా తప్పేం లేదు.

నైట్_డ్యూటీ
నేను కర్నూల్లోనే ఒక హోంలో ఆయాగా చేస్తున్నా. ఎక్కడో చెప్పను. అందరూ టీవీ గురించి తిడుతున్నారు కదా, ఎందుకు పెడతామో చెబుతా. ఒకరికి స్నానం చేయించేటప్పుడు మిగతావాళ్ళు లేచి తిరిగితే పడతారు. తుంటి విరిగితే మా జీతంలోనే కోత. అందుకే కూర్చోబెడతాం. ఇంట్లో ఒక్క మనిషిని చూసుకోలేక మా దగ్గర వదిలినవాళ్ళు, మేం ఇంతమందిని కూర్చోబెడితే వీడియో తీస్తారు.

ఇంకో సంగతి. మా దగ్గర ఒకామె ఉంది, ఆళ్ళగడ్డ వైపు. పొద్దస్తమానం చీర కుచ్చిళ్ళు విప్పడం, కట్టడం. తిక్క అనుకున్నాం. ఒక రోజు వంటామె రాలేదు, చిక్కుడుకాయలు ఒక కుప్ప ఉంటే ఊరికే ఆమె ముందు చాట పెట్టినాం. తొడిమ తుంచి, నార రెండు పక్కలా లాగి, పుచ్చు ఉన్నది వేరేగా పడేసి, చేతులు అట్లా పోతానే ఉన్నాయి. మధ్యలో నన్ను చూసి ‘నార ఉంచితే మీ అత్త ఏమంటుందే’ అంది. ఆ పూట చీర జోలికి పోలేదు. ఇప్పుడు రోజూ ఏదో ఒకటి ఇస్తాం. ఎవరూ మాకు థెరపీ అని చెప్పలేదు, డబ్బులూ ఇవ్వలేదు.

కేసీ_కెనాల్
అక్కా, మిమ్మల్ని అనలేదు. మా అమ్మ దగ్గర ఉండే ఆయా కూడా మంచిదే. కానీ అమ్మ చేతికి పని ఇవ్వమంటే మేనేజర్ ఒప్పుకోడు. ‘పేషెంట్ల చేత పని చేయిస్తున్నారని మాట వస్తుంది సార్’ అంటాడు.

సప్తగిరి_సర్కిల్
అందులో న్యాయం ఉంది. డబ్బు కట్టి మరీ మా అమ్మ మీ వంటగదికి చిక్కుడుకాయలు ఒలవాలా?

రిటైర్డ్_హెడ్మాస్టర్
ఆమె ఇష్టంగా చేస్తే పని, బలవంతంగా చేయిస్తే వెట్టి. తేడా ముఖం చూస్తే తెలుస్తుంది.

ధర్మవరం_మగ్గం
ఇష్టం ఒక్కటే చాలదు సార్. మా నాయన నలభై ఏళ్ళకు పైగా మగ్గం మీద బతికినోడు. హోం వాళ్ళు మంచి మనసుతోనే చిన్న చెక్క ఫ్రేమ్ తెచ్చి పట్టు దారం ఇచ్చినారు. పోగు తెగింది. ముడి వేయబోతే వేళ్ళు వినలేదు. మళ్ళీ, మళ్ళీ. ఫ్రేమ్ విసిరేసి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తనకు ఏం పోయిందో ఆ దారం చూపించినట్టు అయింది. అందుకే ‘పాత వృత్తి గుర్తు చేయండి’ అని ఎవరైనా అంటే నాకు భయం.

ఓటీ_కడప
మీ భయం సరైనదే అన్నా. పని మొత్తం ఇవ్వకూడదు, అందులో ఇంకా చెడని ముక్క వెతకాలి. నేతలో ముడి వేయడం చాలా సన్నని పని, అది ముందే పోతుంది. చేత్తో తడిమి బట్ట నాణ్యం చెప్పడం ఇంకా ఉండొచ్చు. నాలుగు రకాల గుడ్డలు ఇచ్చి ‘ఏది మంచిది నాయనా’ అని అడిగి చూడండి. సలహా అడుగుతున్నట్టు ఉండాలి.

సీ_క్యాంప్
గతం తవ్వడంలో ఇంకో ప్రమాదం ఉంది. మా అత్తమ్మ ఉన్న చోట పాత కర్నూలు ఫొటోలు తెచ్చి గోడకు పెట్టారు. కొండారెడ్డి బురుజు, పాత బస్టాండు, అంతా బానే ఉంది. వాటిలో 2009 అక్టోబరు వరద ఫొటో ఒకటి. తుంగభద్ర ఊళ్ళోకి వచ్చినప్పుడు వీళ్ళు రాత్రంతా మిద్దె మీద ఉన్నవాళ్ళు. ఆ ఫొటో చూసి ‘నీళ్ళొస్తున్నాయి, పైకెక్కండి’ అని కేకలు. ఆమెకు అది పాత సంగతి కాదు కదా, అప్పుడే జరుగుతున్నట్టు. ఫొటో తీసేశారు కానీ వారం పాటు రాత్రుళ్ళు మెట్లు ఎక్కబోయేది.

ఓటీ_కడప
అందుకే చేర్చుకునేటప్పుడే మనిషి చరిత్ర ఒక పేజీ రాయించుకోవాలి. ఏ ఊరు, ఏ పని, ఏమని పిలిస్తే పలుకుతుంది, ఏ పాట ఇష్టం, ఏ సంగతి ఎత్తకూడదు. మంచానికి తగిలిస్తే కొత్త ఆయా వచ్చినా చదువుకుంటుంది. జబ్బు వెనక ఉన్న మనిషిని చూడమని టామ్ కిట్‌వుడ్ అనే ఆయన 1990ల్లో గట్టిగా చెప్పాడు, మనిషిని ముందు పెట్టే ఇప్పటి పద్ధతుల్లో చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే.

పెద్దదర్గా_గల్లీ
ఆ పేజీలో భాష కూడా రాయాలి. కడపలో మా దాదీ బయట తెలుగు, ఇంట్లో ఉర్దూ. జబ్బు ముదిరాక తెలుగు జారిపోయింది. ‘పానీ’ అంటుంది, కొత్తగా వచ్చిన పిల్లకు అర్థం కాదు. ‘మొండికేస్తోంది’ అని రిజిస్టర్‌లో రాశారు. దాహానికి అరిస్తే మొండితనమా? పది మాటలు తెలుగు లిపిలో రాసి గోడకు అంటించా. పానీ, దర్ద్, పేషాబ్, సర్దీ, ఇలా. అరుపులు సగానికి తగ్గాయి. రూపాయి ఖర్చు లేదు.

ఉగ్గాని_బజ్జి
ఇది నాలుగు వేల ప్యాకేజీ కంటే మేలు. మడకశిర, రాయదుర్గం వైపు ముసలోళ్ళకు కన్నడంలో అంటించాలి.

కేసీ_కెనాల్
సాయంత్రం గొడవ గురించి ఎవరూ చెప్పలేదు. ‘పిల్లోళ్ళు వస్తారు’ అంటే ఏం చెప్పాలి? ‘అమ్మా, నేనే నీ పిల్లోణ్ణి, నాకే యాభై వచ్చాయి’ అంటే ఇంకా కోపం వస్తోంది.

నైట్_డ్యూటీ
ఎదురు చెప్పకండి సార్. మేం ‘వచ్చినాక ఏం చేసి పెడతావమ్మా’ అంటాం. ‘బొరుగులు కలుపుతా’ అంటుంది. ‘ఎట్లా కలపాల?’ అంటే ఉల్లిగడ్డ నుంచి మొదలుపెట్టి చెబుతుంది. ఆ మాటల్లో పడితే గేటు మర్చిపోతుంది. అన్నిసార్లూ పనిచేయదు. అప్పుడు చెప్పులు వేయించి కాంపౌండులోనే ఒక చుట్టు తిప్పి తీసుకొస్తాం.

ఓటీ_కడప
నైట్ డ్యూటీ అక్కా, మీరు మా కాలేజీకి వచ్చి క్లాసు తీసుకోండి.
కెనాల్ గారూ, గొడవ ఐదింటికి మొదలైతే మీ పని నాలుగింటికే మొదలవ్వాలి. టీ, కాస్త నడక, చీకటి పడకముందే లైట్లు. మధ్యాహ్నం ఎక్కువసేపు పడుకోనివ్వకూడదు. మత్తు దిగకుండా పగలంతా తూగితే రాత్రి నిద్ర ఎలా పడుతుంది? ఇంకో మాట, మామూలుగా ఉండే మనిషి రెండు మూడు రోజుల్లోనే హఠాత్తుగా మారిపోతే అది డిమెన్షియా ముదరడం అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పంటి నొప్పి, కొత్త మందు, ఏదో ఒకటి ఉండొచ్చు. వాళ్ళు నొప్పి అని చెప్పలేరు, కొడతారు, అరుస్తారు. ముందు డాక్టర్‌కు చూపించాలి. కళ్ళద్దాలు, చెవి మిషన్ పెట్టుకున్నారో లేదో కూడా చూడండి, చాలా హోంలలో అవి బీరువాలో భద్రంగా ఉంటాయి.

మెడికల్_షాప్_మామ
ఆ సాయంత్రం మాత్ర ఏంటో స్ట్రిప్ ఫొటో తీసుకున్నావా బాబూ? నిద్ర మాత్రలు వేరు, తీవ్రమైన మానసిక జబ్బులకు ఇచ్చే యాంటీసైకోటిక్స్ వేరు. రెండోవి అయితే డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో చనిపోయే ప్రమాదం పెంచుతాయని అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2005లో హెచ్చరిక పెట్టింది. 17 ట్రయల్స్ కలిపి చూస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళ కంటే ప్రమాదం 1.6 నుంచి 1.7 రెట్లు. అసలు వాడకూడదని కాదు, మనిషికో పక్కవాళ్ళకో హాని జరిగేంత పరిస్థితి ఉంటే డాక్టర్ తక్కువ డోసులో, కొద్దికాలం ఇస్తాడు. ఎవరు రాశారు, ఎప్పటిదాకా అన్నది అడుగు. నీ అంతట నువ్వు ఆపేయకు.

కేసీ_కెనాల్
ఫొటో తీసుకోలేదు మామా. ఆదివారం తీస్తా. డాక్టర్ చీటీలో ఉందో లేదో కూడా చూస్తా.

సప్తగిరి_సర్కిల్
సరే, ఒక లెక్క చెబుతా. నెలకు నాలుగు వేలు, హోంలో ఇరవై మంది కడితే ఎనభై వేలు. ఆ డబ్బుతో ఇంకో నలుగురు ఆయాలు వస్తారు. థెరపీ అని పేరు పెట్టకుండా మనుషులను పెంచమనండి, నేనూ కడతా.

ఓటీ_కడప
సప్తగిరి అన్నా, మొదటిసారి మీతో పూర్తిగా ఒప్పుకుంటున్నా. బ్రిటన్‌లో 69 నర్సింగ్ హోంలలో వెల్డ్ అనే ట్రయల్ చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. సిబ్బందికి మనిషిని అర్థం చేసుకునే శిక్షణ, దాంతోపాటు ఒక్కో వృద్ధుడితో వారానికి కనీసం ఒక గంట, వాళ్ళకు నచ్చిన పనితో గడపడం. కలత తగ్గింది, జీవన నాణ్యత పెరిగింది.

సప్తగిరి_సర్కిల్
వారానికి గంటా?! నాలుగు వేలకు వారానికి గంటా?

ఓటీ_కడప
కనీసం అన్నాను. చాలా చోట్ల ఆ గంట కూడా లేదన్నదే అసలు సంగతి.

ట్యాబ్_తమ్ముడు
అక్కా, మా నాన్న బాత్రూం ఎక్కడో ప్రతిసారీ అడుగుతాడు. దీనికేమైనా ఉందా? యాప్ కాకుండా.

ఓటీ_కడప
ఉంది. ‘స్పేస్‌డ్ రిట్రీవల్’ అంటాం. ఒకే ఒక్క విషయం ఎంచుకో. ‘నాన్నా, బాత్రూం నీలం తలుపు. బాత్రూం ఎక్కడ?’ ‘నీలం తలుపు.’ అర నిమిషం ఆగి మళ్ళీ అడుగు. తర్వాత ఒక నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది. మధ్యలో వేరే కబుర్లు చెప్పు. ఎక్కడైనా తప్పితే ‘గుర్తు తెచ్చుకో’ అని సతాయించకుండా జవాబు నువ్వే చెప్పేసి, అనిపించి, అంతకుముందు సరిగ్గా చెప్పిన వ్యవధికి వెనక్కి రా. చెప్పగానే లేపి ఆ తలుపు దాకా నడిపించు, నోటితో పాటు కాళ్ళకూ అలవాటు కావాలి. తలుపు మీద టాయిలెట్ బొమ్మ అంటించు, తలుపు తెరిచే ఉంచు. ఇక్కడ ముందు హెడ్మాస్టర్ సార్ చెప్పిన పరీక్షకూ దీనికీ తేడా ఏంటంటే, జవాబు రాకపోయే సందర్భం మనం రానివ్వం.

ఉగ్గాని_బజ్జి
మా జేజి హోంలో అన్నం సగం వదిలేస్తుంది అంటే పోయి చూశా. తెల్ల ప్లేటు, తెల్లన్నం, తెల్ల మజ్జిగ. చూపు కూడా మందగించింది, ప్లేటులో ఏముందో తెలియదు. ఎర్ర ప్లేటు కొనిచ్చా, తింటోంది. సంగటి అయితే ఏ ప్లేటులోనైనా కనిపిస్తుంది, అది మన సీమ టెక్నాలజీ.

నైట్_డ్యూటీ
నిజమే. నేల మీద నల్ల మ్యాట్ కూడా తీసేయండి. గుంత అనుకుని దాటబోయి పడతారు.

ధర్మవరం_మగ్గం
ఓటీ అక్కా, గుడ్డ ముక్కలు తీసుకుపోయినా. నాయన కళ్ళు మూసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి ‘ఇది పట్టు, ఇది కాదు, ఇది పట్టే గానీ జరీ దొంగది’ అన్నాడు. మూడూ కరెక్టే. ఊరుకుంటాడా, అక్కడే నిలబడ్డ మేనేజర్ భార్య కొంగు పట్టుకుని ‘నిన్ను మోసం చేసినారమ్మా’ అన్నాడు.

ఉగ్గాని_బజ్జి
నెల ఫీజు పెంచుతారు చూడు.

కేసీ_కెనాల్
ఆదివారం పోయొచ్చా. మాత్ర డాక్టర్ చీటీలో లేదు, పాత పేషెంట్‌కు రాసినది ఇస్తున్నారు. అక్కడే గట్టిగా మాట్లాడా. డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఎలా తగ్గించాలో ఆయన చెప్పారు, చీటీ పంపిస్తానన్నారు. ప్యాకేజీలో ఏముందో చూపించమంటే లెక్కల వర్క్‌షీట్లు, బ్లూటూత్ స్పీకర్. ఎవరు చేయిస్తారంటే ‘ట్రైనర్ నెలకు రెండుసార్లు వస్తారు’ అన్నాడు. అది వద్దన్నా. దాని బదులు మా అమ్మతో ఉండే ఆయాకు నాలుగింటి నుంచి ఐదున్నర దాకా వేరే పని చెప్పకుండా ఉంచితే దానికి వెయ్యి రూపాయలు కడతానన్నా. ఆలోచిస్తానన్నాడు. ఆయా మాత్రం అప్పుడే అమ్మను కూరగాయల దగ్గరికి తీసుకుపోయింది.

నైట్_డ్యూటీ
ఆ వెయ్యి ఆయా చేతికి వస్తుందో లేదో కనుక్కోండి సార్. మేనేజర్ చేతికి ఇస్తే అక్కడే ఆగుతుంది.

సప్తగిరి_సర్కిల్
+1. వేరే పేషెంట్ మాత్ర ఇవ్వడం చిన్న తప్పు కాదు బ్రో, రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567, దానికి కూడా చెప్పు.

నంద్యాల_నుంచి
మా మామకు కూడా ఇదే సమస్య. ఆయన అసలు మాట్లాడరు, చివరి దశ అంటున్నారు. ఆ గ్రూపులు ఆయనకు పనికొస్తాయా?

ఓటీ_కడప
గ్రూపులు పనికిరావు. చేతికి నూనె రాయడం, తెలిసిన పాట, తెలిసిన గొంతు, నోటికి రుచి, ఆ దారిలో చేయాల్సినవి ఉన్నాయి. మింగడం ఎలా ఉందో రాసి కొత్త థ్రెడ్ పెట్టండి, ఇందులో కలిపితే మరుగున పడిపోతుంది.